పుస్తకాల జాబితా ఎక్కడ పెట్టుకోవాలి: వాట్సాప్ గ్రూపా, షీటా, గుడ్‌రీడ్సా, రిజిస్టరా?

"బడి మాన్పించేసిన పిల్లాడి కథ ఒకటి ఆమధ్య ఎవరో పెట్టారు కదా, దాని పేరేంటండీ?" అని ఒక రాత్రి పదింటికి మా గ్రూపులో ఒకావిడ అడిగారు. కథ అందరికీ గుర్తుంది, పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు. గ్రూపులో వెతికితే దొరకలేదు. ఎందుకు దొరుకుతుంది? పెట్టినాయన పుస్తకం పేజీలు ఫొటోలు తీసి పంపి, కింద "అద్భుతం, తప్పక చదవండి" అని మాత్రమే రాశారు. కథ పేరు లేదు, రచయిత పేరూ లేదు. ఫొటోలో ఉన్న అక్షరాలు వాట్సాప్ వెతుకులాటకు అందవు. అర్ధగంట అందరం అటూ ఇటూ తడుముకున్నాక, మాలో పెద్దాయన, రిటైరైన తెలుగు మాస్టారు, ఒక వాయిస్ మెసేజ్ పెట్టారు. "చాసో గారి 'ఎందుకు పారేస్తాను నాన్నా'. మనూళ్ళో కూచుని రాసినాయన కథ, అదీ తెలీదేటమ్మా?"

తెలుసు. తెలిసినది సమయానికి చేతికి దొరకడమే కష్టం. ఆ రాత్రి నుంచే మా గ్రూపులో జాబితా గొడవ మొదలైంది.

మాది విజయనగరంలో మొదలైన చిన్న చదువరుల గుంపు. నెలకో ఆదివారం అయ్యకోనేరు దగ్గర ఒకరింట్లో కూర్చుంటాం. రాలేనివాళ్ళు శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం నుంచి ఫోన్లోనే కలుస్తారు. ఉద్యోగాలకని హైదరాబాద్, బెంగళూరు వెళ్ళినవాళ్ళు రాత్రి భోజనాలయ్యాక మెసేజులు పెడతారు. నాలుగేళ్ళలో మేం వాట్సాప్, టెలిగ్రామ్, గుడ్‌రీడ్స్, గూగుల్ షీట్, ఆఖరికి పొడుగు రిజిస్టరు కూడా వాడి చూశాం. మీరూ ఇలాంటి గుంపు ఒకటి నడుపుతున్నా, నడపాలనుకుంటున్నా ఏది ఎంచుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక తేడా చెప్పాలి. ఇది పట్టుకోలేకే మేం రెండేళ్ళు వృథా చేసుకున్నాం. పుస్తకం సిఫారసు చేయడం వేరు, జాబితా పెట్టడం వేరు. సిఫారసు ఎదురుగా ఉన్న మనిషికి చేస్తాం. ఆవిడ ఏం చదివిందో, ఏది సగంలో వదిలేసిందో మనకు తెలుసు కాబట్టి రెండు మాటలు చాలు. జాబితా ఆర్నెల్ల తర్వాత గ్రూపులోకి వచ్చే ముక్కూ మొహం తెలియని మనిషి కోసం. ఆ మనిషికి "అద్భుతం" అన్న మాట ఎందుకూ పనికిరాదు. అందుకే ఏ యాప్‌లో ఏం సదుపాయాలున్నాయని కాకుండా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆర్నెల్ల తర్వాత దీన్ని వెతికేదెవరు? అప్పటిదాకా దీన్ని చూసుకునేదెవరు? ఈ రెండో ప్రశ్నకు జవాబుగా ఒక మనిషి పేరు చెప్పలేకపోతే ఏ యాప్ పెట్టుకున్నా ఒకటే.

వాట్సాప్: కబుర్లకు మించింది లేదు, జ్ఞాపకానికి పనికిరాదు

మన దగ్గర మనుషులున్నది వాట్సాప్‌లోనే. ఒక గ్రూపులో 1024 మంది వరకు చేరవచ్చు, మనలాంటివాళ్ళకు అది ఎక్కువే. కొత్తగా ఏమీ నేర్పక్కర్లేదు. మాస్టారికి టైపింగ్ అంటే విసుగు కాబట్టి నాలుగేసి నిమిషాల వాయిస్ మెసేజులు పెడతారు. వెనకాల కుక్కర్ విజిళ్ళు, మనవడి గోల వినిపిస్తుంటాయి. ఆ నాలుగు నిమిషాల్లో ఒక కథ గురించి ఆయన చెప్పేది ఏ సమీక్షలోనూ దొరకదు. అలాంటి మాట వాట్సాప్‌లోనే పుడుతుంది.

మర్నాటికే పోతుంది కూడా. పొద్దున్నే శుభోదయం పువ్వులు, ఎవరి మనవరాలిదో పుట్టినరోజు, దాని కింద ముప్పై శుభాకాంక్షలు. సాయంత్రానికి ఆ వాయిస్ మెసేజ్ ఎంత పైకి పోయిందో వేలు నొప్పెట్టేదాకా జరిపితే గానీ తెలియదు. ముఖ్యమైన మెసేజ్‌ను పిన్ చేయవచ్చు గానీ అది గరిష్ఠంగా 30 రోజులే ఉంటుంది. స్టార్ పెట్టుకుంటే మన ఫోన్లో మనకే కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకు మొదటినుంచీ నడిచిన చర్చంతా కనిపించదు కాబట్టి "మంచి కథలు చెప్పండి" అని నెలకొకరు మళ్ళీ మొదట్నుంచి అడుగుతారు. మళ్ళీ అవే పది పేర్లు వస్తాయి.

వెతుకులాటతో ఇంకో తంటా ఉంది. ఇది తెలుగువాళ్ళకే ప్రత్యేకమైన తంటా. మా గ్రూపులో ఒకే రచయిత పేరు ఎన్ని రకాలుగా ఉందో ఒకసారి లెక్కపెట్టాను. చాసో, చా.సో., చాగంటి, చాగంటి సోమయాజులు, ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకో రెండు రకాలు. ఒకదానితో వెతికితే మిగతావి రావు. కథా రచయిత కారా మాస్టారిదీ ఇదే కథ. కారా, కా.రా., కాళీపట్నం, రామారావు మాస్టారు. రావిశాస్త్రి గారి పేరైతే కలిపి రాసేవాళ్ళు, విడదీసి రాసేవాళ్ళు, చుక్కలు పెట్టేవాళ్ళు, రాచకొండ విశ్వనాథశాస్త్రి అని పూర్తిగా రాసేవాళ్ళు. యాప్ మారిస్తే ఈ జబ్బు తగ్గదు. పేరు ఒక్కలాగే రాయాలని ఎవరో ఒకరు పట్టుబట్టాలి.

కాబట్టి ఇరవై మంది లోపు ఉన్న గుంపుకి, అందరూ ఒకరినొకరు ఎరిగినవాళ్ళైతే, వాట్సాప్ ఒక్కటే చాలు. అడిగితే చెప్పేవాళ్ళు ఉంటారు. అంతకు మించితే కబుర్లకి వాట్సాప్ ఉంచుకుని జాబితాని బయట పెట్టండి. ఆ జాబితా లింకును గ్రూపు వివరణలో అతికించండి. మెసేజ్‌గా పెడితే అది కూడా కొట్టుకుపోతుంది.

టెలిగ్రామ్ గురించి రెండు మాటలు

సదుపాయాలు లెక్కేస్తే టెలిగ్రామ్‌దే పైచేయి. గ్రూపులో రెండు లక్షల మంది వరకు పడతారు, పాత చర్చ కొత్తవాళ్ళకు కనిపించేలా పెట్టుకోవచ్చు, ట్యాగ్ పెడితే దానికి సంబంధించినవన్నీ ఒకచోట వస్తాయి. మేం చానెల్ పెట్టాం. గ్రూపు నుంచి మూడో వంతు మంది కూడా రాలేదు. వచ్చినవాళ్ళలో పెద్దవాళ్ళు లేరు. పెద్దవాళ్ళు లేని చోట పుస్తకాల కబుర్లు ఎలా ఉంటాయంటే, ఫొటోలు బాగుంటాయి. ఇంకో చిక్కు, స్కాన్ చేసిన పీడీఎఫ్‌ల వరద. దాని సంగతి కింద చెబుతాను. కాలేజీ పిల్లల గుంపైతే టెలిగ్రామ్ పెట్టుకోండి, ఇబ్బంది లేదు.

గుడ్‌రీడ్స్: ఇంగ్లీషు పుస్తకాలకు సరే

2007లో మొదలై, 2013లో అమెజాన్ చేతికి వెళ్ళిన గుడ్‌రీడ్స్‌లో మన జాబితా మనం పెట్టుకోవడం బాగుంటుంది. చదివినవి, చదువుతున్నవి, చదవాలనుకున్నవి అని అరలు ఉంటాయి. మొత్తం జాబితాని ఫైలుగా దించుకోవచ్చు. ఇంగ్లీషులో ఎక్కువ చదివే మా బెంగళూరు సభ్యులకు ఇదే ఇష్టం.

తెలుగు పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. ఒకే పుస్తకం ఒకచోట తెలుగు లిపిలో, ఒకచోట ఇంగ్లీషు అక్షరాల్లో, రెండు మూడు రకాల స్పెల్లింగులతో విడివిడిగా ఉంటుంది. చదివినవాళ్ళ రేటింగులు ఆ ముక్కల మధ్య చీలిపోతాయి. ఒక ముక్కలో పదకొండు మంది ఇచ్చిన నక్షత్రాల సగటు చూసి పుస్తకం కొంటామా? చిన్న ప్రచురణకర్తలు వేసినవి, రచయితలే సొంతంగా అచ్చు వేసుకున్నవి చాలాసార్లు అసలు కనిపించవు. మన జిల్లాల సాహిత్యంలో అలాంటివే ఎక్కువ. పైగా గుడ్‌రీడ్స్‌కు తెలిసింది పుస్తకం, మనకు కావలసింది తరచుగా ఒక్క కథ. ఒంటరి చదువరికి మంచి డైరీ. గుంపు జాబితాకి వద్దు.

గూగుల్ షీట్: నా ఓటు దీనికే, దెబ్బ తిన్నది కూడా దీంతోనే

షీట్‌లో మనకు కావలసిన గడులు మనమే వేసుకోవచ్చు. పుస్తకం కాకుండా కథనీ ఎక్కించవచ్చు. ఎక్కడ దొరుకుతుందో రాసుకోవచ్చు. లింకు ఉంటే ఎవరైనా ఫోన్లో చూడవచ్చు. తెలుగు లిపికి ఏ అడ్డూ లేదు. డబ్బు కట్టక్కర్లేదు.

మొదట్లో అందరికీ మార్చే హక్కు ఇచ్చేశాం, ప్రజాస్వామ్యం అనుకుని. ఒకరోజు మాస్టారు ఫోన్ చేశారు. "ఏటమ్మా, నీ లిస్టు ప్రకారం గురజాడ వారు సారా కథలు రాసినట్టున్నాది?"

సారా కథలు రావిశాస్త్రి గారివి. తెరిచి చూస్తే గుండె జారిపోయింది. ఎవరో రచయితల పేర్లు అక్షర క్రమంలో కావాలనుకుని ఆ ఒక్క నిలువు గడినే ఎంచుకుని సార్ట్ చేశారు. పేర్లు చక్కగా అ నుంచి మొదలై వరసలో కూర్చున్నాయి. పుస్తకాలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. రెండొందల పైచిలుకు వరసల్లో ఎవరి పుస్తకం ఎవరిదో తెలియకుండా పోయింది. ఎవరూ మూడు వారాలు గమనించలేదు. అంటే మూడు వారాలు ఎవరూ జాబితాని సరిగ్గా చూడలేదని కూడా అర్థం, ఆ బాధ వేరే.

షీట్‌లో వెర్షన్ హిస్టరీ ఉంటుంది, పాత రూపాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. కానీ మూడు వారాల వెనక్కి పోతే ఆ మూడు వారాల్లో ఎక్కించిన నలభై కొత్త పేర్లు పోతాయి. అందుకని పాత రూపాన్ని వేరే కాపీగా తీసి, కొత్తవి నలభై ఒక్కొక్కటీ చేత్తో ఎక్కించాను. ఆదివారం మధ్యాహ్నం నిద్ర పోయింది. ఎవరు చేశారో హిస్టరీలో కనిపిస్తుంది గానీ నేను గ్రూపులో చెప్పలేదు. ఇప్పటికీ ఆ మనిషికి తెలియదు.

అప్పట్నుంచి పద్ధతి మార్చాం. షీట్ అందరికీ చూడటానికే. మార్చేది ఇద్దరం. కొత్త పుస్తకం చెప్పాలనుకున్నవాళ్ళకు గూగుల్ ఫారం లింకు ఇచ్చాం, ఐదు ప్రశ్నలు. జవాబులు వేరే ట్యాబులో పడతాయి. అందులోంచి పేర్లు సరిచూసి అసలు జాబితాలోకి మేం ఎక్కిస్తాం. అందరూ సార్ట్ చేసుకోవాలనుకుంటే వాళ్ళ ఫోన్లోకి కాపీ చేసుకుని ఇష్టం వచ్చినట్టు చేసుకోవచ్చు. ఫారం పెట్టాక ఇంకో మేలు జరిగింది. ఫారంలో పేరు గడి ఖాళీగా వదిలేస్తే ముందుకు పోదు, కాబట్టి "అద్భుతం" అని మాత్రమే రాసి తప్పించుకోవడం కుదరదు. మాస్టారి వాయిస్ మెసేజుల్ని ఫారంలోకి ఎక్కించే పని బొబ్బిలిలో డిగ్రీ చదివే ఒక కుర్రాడు తీసుకున్నాడు. ఆయన మాటను సగానికి కుదించి, రుచి పోకుండా రాస్తాడు. కష్టమైన పనే.

షీట్‌కి ఉన్న లోటు కూడా చెప్పాలి. ఫోన్ తెరమీద పది నిలువు గడులు కనపడవు, పక్కకి జరుపుకుంటూ పోవాలి. పెద్దవాళ్ళు ఆ పని చేయరు. అందుకే గడులు ఐదుకు తగ్గించాం, మొదటి గడిని కదలకుండా బిగించాం.

ఆ ఐదు గడుల్లో ఏముండాలి

చెప్పాల్సిందంతా ఇక్కడే ఉంది. జాబితా ఎక్కడ పెట్టామన్నదానికంటే ఒక్కో వరసలో ఏం రాశామన్నదే చదివించేది.

పేరు రాస్తే చాలదు. కన్యాశుల్కమే చూడండి. మనూళ్ళో దాని పేరు తెలియనివాళ్ళు ఉండరు. 1892లో ఇక్కడే మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. తర్వాత గురజాడ దాన్ని దాదాపు తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. మొదటి దానిలో ఐదంకాలు, రెండోదానిలో ఏడు. మామూలుగా అందరూ చదివేది రెండోది. మా గ్రూపులో ఇద్దరు ఒక సీను గురించి రెండు రోజులు వాదించుకున్నారు, ఉందంటే లేదని. ఇద్దరిదీ నిజమే, చేతిలో ఉన్న కూర్పులు వేరు. కాబట్టి మొదటి గడిలో పేరు, రచయిత, అవసరమైతే ఏ కూర్పో.

రెండో గడి, అది పుస్తకమా, ఒక్క కథా. తెలుగులో ఇది తప్పదు. ఎన్నో మంచి కథలు పత్రికల్లో వచ్చి, పుస్తకంగా రాకుండానే మిగిలిపోయాయి. కారా మాస్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల గ్రంథాలయం పెట్టింది ఈ లోటు తెలిసే. అక్కడ లెక్క కథతో మొదలవుతుంది. ఏ కథ, ఎవరిది, ఏ పత్రికలో, ఎప్పుడు. వాళ్ళ వెబ్‌సైటులో రచయిత పేరుతోనూ, కథ పేరుతోనూ వెతకవచ్చు. చాలా కథలకు పత్రిక పేజీల స్కాన్లు కూడా ఉంటాయి. పేర్లు ఎలా రాయాలో సందేహం వస్తే మేం కథానిలయం రాసినట్టే రాస్తున్నాం. సొంత పద్ధతి కనిపెట్టడం కంటే అది సుఖం. జాబితా ఎలా పెట్టాలో నేర్చుకోవాలనుకుంటే ఏ యాప్ వీడియోలూ చూడకండి, ఒకపూట ఆ సైటులో తిరగండి.

మూడోది, ఎక్కడ దొరుకుతుంది. ఈ గడి పెట్టడానికి కారణం మా బొబ్బిలి కుర్రాడే. జాబితాలో చూసి ఒక నవల కోసం బస్సెక్కి విజయనగరం వచ్చాడు. మూడు కొట్లు తిరిగాడు. "అక్కా, ఆ పుస్తకం అచ్చులో లేక పదేళ్ళయిందని కొట్టాయన నవ్వీసేడక్కా" అన్నాడు. నాకు సిగ్గేసింది. ఇప్పుడు ప్రతి వరసలో ఉంటుంది, కొట్లో దొరుకుతుందా, జిల్లా గ్రంథాలయంలో ఉందా, మాలో ఎవరి దగ్గరైనా ఉందా, నెట్‌లో చట్టప్రకారం చదవొచ్చా. మూడు నెలలకోసారి సరిచూస్తాం. అచ్చులో లేనివాటిని తీసేయం, "దొరకడం కష్టం" అని ముందే రాస్తాం.

నాలుగోది, ఎవరికి. ఇక్కడ పొగడ్తలు రాయనివ్వం. "కొత్తగా కథలు చదివేవాళ్ళకు, పది నిమిషాల్లో అయిపోతుంది." "మన యాస ఉంటుంది, హైదరాబాద్‌లో పెరిగిన పిల్లలకు మొదటి పేజీ అడ్డుపడొచ్చు, పైకి చదివితే తేలిగ్గా తెలుస్తుంది." "ఆస్పత్రిలో కూర్చున్నప్పుడు వద్దు." ఈ చివరిది మా గ్రూపులో ఒకావిడ నిజంగా రాసిందే. ఒక విషాదపు కథ ఆస్పత్రి వరండాలో చదివి ఏడ్చిందట. జాబితా మొత్తంలో ఎక్కువమంది మెచ్చుకున్న వాక్యం అది.

ఐదోది, చెప్పినవాళ్ళ పేరు. దీన్ని మొదట మేం వదిలేశాం. తర్వాత తెలిసింది, జనం పుస్తకాన్ని చూసి కాదు, చెప్పినవాళ్ళను చూసి ఎంచుకుంటారని. "మాస్టారు చెప్పారా, అయితే కొంచెం బరువు. ఫలానా మేడమ్ చెప్పారా, అయితే రాత్రికే అయిపోతుంది."

పీడీఎఫ్‌ల విషయం. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు ఎవరైనా పంచుకోవచ్చు. కారా మాస్టారు 2021లో పోయారు, ఆయన కథలకు 2081 చివరి దాకా హక్కులుంటాయి. ఈ రెండు ఉదాహరణలు మా గ్రూపు వివరణలో రాసి పెట్టాం, వాదన రాకుండా. అయినా వస్తుంది. "మంచి పుస్తకం పదిమందీ చదివితే తప్పేటండీ?" అంటారు. చిన్న ప్రచురణకర్త కొద్ది కాపీలు వేసి, అవి అమ్ముడుపోక అటకెక్కించుకునే చోట, ఆ పుస్తకం స్కాన్ మనమే తిప్పితే రెండోసారి ఎవరు వేస్తారు? ఈ ఒక్క విషయంలో నేను మొండిదాన్ని. పెడితే తీసేస్తాను.

ఎంపిక ఎవరు చేయాలి: ఓట్లా, వంతులా

వాట్సాప్‌లో పోల్ పెట్టడం తేలిక, 12 పేర్ల దాకా ఇవ్వొచ్చు. ఈ నెల అందరం కలిసి ఏం చదవాలి అన్నదానికి పోల్ బాగానే ఉంటుంది. జాబితాకి మాత్రం పనికిరాదు. ఓట్లు వేస్తే అందరూ విన్న పుస్తకాలే పైకొస్తాయి. అందరూ విన్నదాన్ని మళ్ళీ చెప్పడానికి జాబితా ఎందుకు? "తెలుగులో చదవాల్సిన వంద" లాంటివి చూడటానికి బాగుంటాయి, వందలో మొదటి మూడూ చదివి ఆగిపోతాం.

మేం వంతులు పెట్టుకున్నాం. నెలకొకరు ఐదు చెప్పాలి, ఐదే. ఒక అంశం వాళ్ళిష్టం. ఒకావిడ కొండ ప్రాంతాల జీవితం గురించి ఐదు కథలు ఇచ్చారు. రైల్వేలో చేసే ఒకాయన ప్రయాణాల మీద ఇచ్చాడు. ఐదింటి మధ్య వరస కూడా చెప్పాలి, దేని తర్వాత దేన్ని చదవాలని. ఈ వరస మీదే పెద్ద గొడవ అయింది. నా వంతు వచ్చినప్పుడు ఉత్తరాంధ్ర సాహిత్యం కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం అని, ముందు చాసో చిన్న కథలు, తర్వాత కారా, ఆ తర్వాత రావిశాస్త్రి, కన్యాశుల్కం చివర్న పెట్టాను.

మాస్టారు ఊరుకోలేదు. "విజయనగరంలో పుట్టి గురజాడని చివర్న కూచోబెడతావేటమ్మా?"

"పిల్లలు మొదటి అంకం దాటట్లేదు మాస్టారూ. పొడుగు చూసి జడుసుకుంటున్నారు."

"నాటకాన్ని మూల కూచుని మనసులో చదివితే అంతే మరి. అది ఆడడానికి రాసింది."

ఆయన మాట నిజం. తర్వాతి ఆదివారం పాత్రలు పంచుకుని ఒక సీను పైకి చదివాం. గిరీశంగా బొబ్బిలి కుర్రాడు, మిగతావి తలా ఒకటి. టీ చల్లారిపోయింది, ఎవరూ లేవలేదు. కన్యాశుల్కం చివర్నుంచి కదలలేదు గానీ దాని పక్క గడిలో ఇప్పుడిలా ఉంది: "ఒక్కరే చదవొద్దు. నలుగురు దొరికితే పాత్రలు పంచుకుని పైకి చదవండి, రెండో కూర్పు."

వంతుల పద్ధతిలో ఒక జాగ్రత్త. మన గ్రూపుల్లో రాసేవాళ్ళూ ఉంటారు. వాళ్ళ వంతు వచ్చినప్పుడు ఐదిట్లో మూడు వాళ్ళవే అయితే ఏం చేస్తారు? మొహం మీద కాదనలేం, రేపు మళ్ళీ పుస్తకావిష్కరణలో ఎదురుపడాలి. అందుకే ముందే నియమం పెట్టాం, సొంత పుస్తకాలకు వేరే ట్యాబు, అక్కడ ఎవరైనా ఎన్నైనా పెట్టుకోవచ్చు. ఆ ట్యాబును చూసేవాళ్ళు కూడా ఉన్నారు, తక్కువేం కాదు.

రిజిస్టరు

దీన్ని ఎగతాళి చేయకండి. పొడుగు రిజిస్టరు, నెలనెలా కలిసే ఇంట్లో బల్లమీద ఉంటుంది. ఎవరి పుస్తకం ఎవరు పట్టుకెళ్ళారో రాయడానికి దీన్ని మించింది లేదు. షీట్‌లో పెడితే ఎవరూ రాయలేదు. కాగితం మీద, పుస్తకం చేతికిచ్చేటప్పుడే "ఇక్కడో సంతకం పెట్టండి" అంటే పెడతారు. తిరిగి ఇచ్చేటప్పుడు కొట్టేస్తారు. మూడేళ్ళుగా కొట్టివేత పడని వరసలు ఒక నాలుగున్నాయి. ఎవరివో రాయను. వాళ్ళు ఇది చదువుతారు.

స్మార్ట్‌ఫోన్ లేని ఇద్దరు ముగ్గురు సభ్యులకు కూడా ఇదే జాబితా. షీట్‌ను ప్రతి నెలా మొదటి తారీఖున ప్రింటు తీసి దాన్లో అతికిస్తున్నాం. దాచుకోవడానికి కూడా పనికొస్తుంది. లింకు పోయినా, నా ఖాతాకి ఏదైనా అయినా, కాగితం ఉంటుంది.

ఇక మీరు ఏది ఎంచుకోవాలంటే, పదీ పదిహేను మంది స్నేహితులైతే వాట్సాప్ ఉంచుకుని, చెప్పే ప్రతిసారీ కథ పేరూ రచయిత పేరూ తెలుగులో టైపు చేయాలన్న ఒక్క నియమం పెట్టుకోండి. ఫొటో తర్వాత. ఇరవై దాటితే, ఊళ్ళు వేరైతే, వాట్సాప్‌తో పాటు చూడటానికే ఇచ్చిన షీటు, దానికో ఫారం. బడిలోనో కాలేజీలోనో నడుపుతుంటే రిజిస్టరుతో మొదలుపెట్టి, అది నిండాకే షీట్‌కు వెళ్ళండి. ఇంగ్లీషు ఎక్కువ చదివే ఒంటరివాళ్ళు గుడ్‌రీడ్స్‌లో ఉండండి. షీటు చూసుకునే మనిషి దొరక్కపోతే షీటు మొదలుపెట్టొద్దు. సగంలో ఆగిపోయిన జాబితా కంటే అడిగితే చెప్పే మాస్టారు నయం.

ఈ నెల ప్రింటు ఇప్పుడు మా మాస్టారింట్లోనే ఉంది. ఎర్ర పెన్నుతో మూడు పేర్లు దిద్దారట. నాలుగోది తప్పో ఒప్పో తేల్చుకోవడానికి రేపు ఆమదాలవలస దాకా రైల్లో వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో కథానిలయానికి పోతానంటున్నారు. సైట్లో చూసి చెబుతానని ఫోన్ చేస్తే, "నువ్వు చూడు, నేనూ ఎల్తాను" అన్నారు.